మాస్టారి పెన్ డ్రైవ్, మా మూడో కంప్యూటర్

పోయిన శనివారం రాత్రి షాపు కట్టేసే వేళకు ఒక అమ్మాయి ఆయాసపడుతూ వచ్చింది. ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. సోమవారానికల్లా ప్రాజెక్టు రిపోర్టు బైండు చేయించి ఇవ్వాలి. పెన్ డ్రైవ్ నా చేతిలో పెట్టి, "ఇందులో నావి ఒక్కటీ కనబడటం లేదు ఆంటీ. హాస్టల్లో అందరూ ఫార్మాట్ చేసెయ్యమంటున్నారు. చేస్తే బాగవుతుందా?" అని అడిగింది.

"చేశావా?" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"ఇంకా లేదు."

"అయితే నీ రిపోర్టు ఎక్కడికీ పోలేదు. కూర్చో."

పావుగంటలో ఆమె ఫైళ్ళన్నీ ఆమెకు చూపించాను. ఆ అమ్మాయి వెళ్ళిపోయాక నాకు మాత్రం వెంటనే ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. 2014లో ఇదే చోట, ఇలాగే పెన్ డ్రైవ్ పట్టుకుని నిలబడిన ఒక మాస్టారు గుర్తొచ్చారు. ఆయన సంగతి ఎన్నాళ్ళుగానో రాయాలనుకుంటూ వాయిదా వేస్తున్నాను. ఇక వాయిదా వేయను.

గుంటూరు బ్రాడీపేటలో 1999 నుంచి డి.టి.పి. పని చేస్తున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, కాలేజీ రికార్డులు, థీసిస్‌లు, అప్పుడప్పుడు కవితల పుస్తకాలు. నాలుగు కంప్యూటర్లు, రెండు జిరాక్స్ యంత్రాలు. మా పేట తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు: ఏ లైనులోకి తిరిగినా, ఏ అడ్డరోడ్డు దాటినా ఒక కోచింగ్ సెంటరు, ఒక హాస్టలు, వాటి పక్కనే ఒక జిరాక్స్ షాపు. ఒకే పెన్ డ్రైవ్ ఉదయం కాలేజీ ల్యాబులో, మధ్యాహ్నం మా దగ్గర, రాత్రి స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో ఉంటుంది. వార్మ్ అనే పురుగు ఊరంతా తిరగడానికి ఇంతకంటే మంచి దారి ఉండదు.

పురుగు అనే మాట నేను కావాలనే వాడుతున్నాను. చాలామంది అన్నిటినీ వైరస్ అనేస్తారు. వైరస్ ఇంకో ప్రోగ్రాముకో ఫైలుకో అంటుకుని బతుకుతుంది. వార్మ్‌కు అలాంటి ఆసరా అక్కరలేదు. అది తనంతట తానే ఒక ప్రోగ్రాము, తన నకళ్ళను తానే తీసుకుని ఒక చోటు నుంచి ఇంకో చోటుకు పోతుంది. కొన్ని నెట్‌వర్క్ తీగల మీద పాకుతాయి, కొన్ని మెయిళ్ళతో వెళతాయి. మా వంటి షాపులకు తెలిసినవి పెన్ డ్రైవ్ ఎక్కి వచ్చేవి.

ఇక మాస్టారి దగ్గరికి వస్తాను. పెదనందిపాడు వైపు ఒక పల్లెలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. అప్పటికే డెబ్బై దాటాయి. మిరప సాగులో రైతులు వాడే మాటలు సేకరించడం ఆయన పని. నారు పోసిన దగ్గరి నుంచి యార్డులో టిక్కీ (మిరప బస్తా) కాటా వేసేదాకా ఎవరు ఏ పనిని ఏమంటారు, తాలు కాయ అని దేన్ని అంటారు, తొడిమ తీసే కూలీలు తమలో తాము ఏ మాటలు వాడతారు అని ఊరూరా తిరిగి రాసుకున్నారు. పెద్దవాళ్ళ గొంతులు రికార్డు చేశారు. అరవై ఆరేళ్ళ వయసులో కీబోర్డు నేర్చుకుని అంతా స్వయంగా టైపు చేసుకున్నారు. నాలుగు వేల పైచిలుకు మాటలు. తెర మీద చదివితే కళ్ళు మండుతాయని నెలకోసారి కొన్ని పేజీలు మా దగ్గర ప్రింటు తీసుకుని, ఎర్ర కలంతో దిద్దుకునేవారు. ఆ ఎండాకాలంలో ఆయన ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కు చెడిపోయింది. మిగిలింది ఒక్క ఎనిమిది జీబీల పెన్ డ్రైవ్. దాన్ని కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుని తిరిగేవారు.

జూలైలో ఒక మధ్యాహ్నం వచ్చి ఆ పెట్టె నా బల్ల మీద పెట్టారు. "అమ్మా, ఇది ఖాళీ అయిపోయింది. మనవడు తన కంప్యూటర్‌లో పెట్టి చూశాడు. ఏదో వైరస్ ఉందని చెప్పి తీసేసిందట, తీసేశాక లోపల ఏమీ లేదట. ఫార్మాట్ చేసి కొత్తగా వాడుకో తాతయ్యా అన్నాడు. నాకు మనసొప్పలేదు" అన్నారు.

ముందు వైపు ఖాళీగా ఉన్నది మూడో కంప్యూటర్. ప్రింట్లకూ ఆన్‌లైన్ దరఖాస్తులకూ వాడేది అదే. ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని పెన్ డ్రైవ్ దానికి పెట్టాను. తెరిస్తే నిజంగానే తెల్లటి కిటికీ, ఒక్క ఫోల్డరూ లేదు. నాకు మాత్రం అనుమానం. డ్రైవ్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూపించాను. గుండ్రటి బొమ్మలో నీలం రంగు ముక్క మూడు జీబీలకు పైగా ఉంది. నీలం అంటే నిండిన జాగా. "మాస్టారూ, ఈ నీలమంతా మీదే. లోపలే ఉన్నాయి, కనబడటం లేదంతే" అన్నాను. ఆయన వేలితో ఆ నీలం ముక్కను తాకి చూశారు.

ప్రాపర్టీస్ మూసేశాను. వెనక ఉన్న తెల్లటి కిటికీలో ఒక ఫోల్డర్ కనిపించింది. "కోత". చూస్తుండగానే ఇంకొకటి, "కల్లం". ఆ తరవాత "యార్డు", "తెగుళ్లు". నేను ఏమీ నొక్కలేదు. మౌస్ మీద నుంచి చెయ్యి కూడా తీసేశాను. మాస్టారు బల్ల పట్టుకుని లేచి నిలబడ్డారు. "వచ్చాయమ్మా! వచ్చాయి!"

ఆయన ముఖంలో ఆ వెలుగు ఇప్పటికీ నాకు కళ్ళకు కట్టినట్టు ఉంది. ఎందుకంటే అదే క్షణంలో నాకు ఒళ్ళు చల్లబడింది. ప్రతి ఫోల్డర్ బొమ్మకూ ఎడమ వైపు అడుగున చిన్న బాణం గుర్తు ఉంది. అవి ఫోల్డర్లు కావు, షార్ట్‌కట్లు, అంటే ఇంకో చోట ఉన్నదాన్ని తెరిచే గుర్తులు. ఒక్కొక్కటి ఒకటి రెండు కేబీలు. ఖాళీగా కనిపించిన డ్రైవ్‌లో అవి తమంతట తాము పుట్టాయంటే, వాటిని పుట్టించేది ఆ కంప్యూటర్‌లోనే కూర్చుని ఉంది. మాస్టారి పెన్ డ్రైవ్‌కు ఈ పురుగు పట్టింది మా షాపులోనే.

"తెగుళ్లు" అనే షార్ట్‌కట్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో టార్గెట్ అనే గడి చూశాను. ఈ ఒక్క గడి చూడటం అందరూ నేర్చుకోవాలని నా కోరిక. నిజమైన ఫోల్డర్‌కు వేసిన షార్ట్‌కట్ అయితే అక్కడ ఆ ఫోల్డర్ దారి మాత్రమే ఉంటుంది. ఇక్కడ ఒక పొడుగాటి వరుస ఉంది. దాని అర్థం తెలుగులో చెబితే ఇది: ముందు కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు అక్షరాల్లో రాసే నల్ల కిటికీ) తెరువు, దానితో ఫలానా వీబీఎస్ ఫైలును (చేయవలసిన పనులు వరుసగా రాసి ఉండే చిన్న ప్రోగ్రామును) నడుపు, ఆ వెంటనే "తెగుళ్లు" అనే అసలు ఫోల్డర్‌ను తెరిచి చూపించు, తరవాత బయటికి వచ్చెయ్యి. అంటే మనం క్లిక్ చేసినప్పుడు మన ఫోల్డర్ మామూలుగానే తెరుచుకుంటుంది, మన ఫైళ్ళు మామూలుగానే ఉంటాయి. మధ్యలో పురుగు కంప్యూటర్‌లోకి దిగిపోయిందన్న సంగతి తెలియదు. ఎవరూ ఫిర్యాదు చేయకుండా అది మా షాపులో అన్ని రోజులు ఉండగలిగింది అందుకే.

మాస్టారి మనవడి కంప్యూటర్‌లో జరిగిందీ అర్థమైంది. అక్కడి యాంటీవైరస్ పురుగునూ షార్ట్‌కట్లనూ తీసేసింది. పురుగు దాచిపెట్టిన అసలు ఫోల్డర్లను మాత్రం బయటికి తియ్యలేదు. అందుకే డ్రైవ్ బోసిపోయి కనబడింది. జనం ఎక్కువగా పోగొట్టుకునేది సరిగ్గా ఇక్కడే. పురుగు ఒక్క ఫైలూ చెరపలేదు, ఖాళీ అనుకుని ఫార్మాట్ కొట్టిన చెయ్యే చెరిపింది.

ఆ చేతులు నేను చాలా చూశాను. అందుకే ఈ విషయంలో నాకు కోపం వస్తుంది. తెలియనివాళ్ళ మీద కాదు. తెలిసినవాళ్ళమని బల్ల వెనక కూర్చుని, ప్రాపర్టీస్ కూడా చూడకుండా "ఫార్మాట్ చేసేద్దాం" అని యాభై రూపాయలు తీసుకునేవాళ్ళ మీద.

మాస్టారికి దాచకుండా చెప్పాను. "ఇది మా కంప్యూటర్ నుంచే మీకు అంటుకుంది. తప్పు మాది. సాయంత్రానికి మీ ఫైళ్ళన్నీ శుభ్రంగా మీ చేతిలో పెడతాను" అన్నాను. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. "తీసేటప్పుడు నేను పక్కనుండి చూడవచ్చా అమ్మా?" అని మాత్రం అడిగారు.

మొదట చేసిన పని నెట్ తీగ పీకేయడం. తరవాత పెన్ డ్రైవ్‌లోని షార్ట్‌కట్లు నాలుగూ చెరిపి మాస్టారికి చూపించాను. అయిదారు సెకన్లలో నాలుగూ మళ్ళీ వచ్చాయి. ఇంకోసారి చెరిపాను, ఇంకోసారి వచ్చాయి. మా అమ్మ బియ్యానికి పురుగు పడితే ముందు డబ్బా కడిగి ఎండబెట్టేది, ఆ తరవాతే బియ్యం చెరిగేది. చెరిగిన బియ్యం మళ్ళీ అదే డబ్బాలో పోస్తే ఏం లాభం అనేది. ఇక్కడా వరస అదే. ముందు కంప్యూటర్, తరవాత పెన్ డ్రైవ్. ఈ వరస తప్పితే రోజంతా చెరుపుతూనే ఉండాలి.

టాస్క్ మేనేజర్ తెరిచి, నడుస్తున్న ప్రోగ్రాముల జాబితాలో డబ్ల్యూస్క్రిప్ట్ అనే పేరు వెతికాను. ఉంది. అది విండోస్ సొంత ప్రోగ్రామే, చెడ్డది కాదు. వీబీఎస్ ఫైళ్ళను చదివి నడిపించడం దాని పని. మా షాపులో అలాంటి ఫైళ్ళతో పని లేదు కాబట్టి అది ఆ వేళ నడుస్తుండటమే అపశకునం. దాన్ని ఆపేశాను. అప్పుడు షార్ట్‌కట్లు చెరిపితే తిరిగి రాలేదు. మాస్టారు గడియారం చూసి నిమిషం లెక్కపెట్టారు.

కానీ ఆపడం వేరు, పెకలించడం వేరు. కంప్యూటర్ మళ్ళీ వేస్తే అది మళ్ళీ లేస్తుంది. లేవడానికి వీలుగా ఎక్కడెక్కడ వేళ్ళు దింపుకుందో వెతకాలి. రన్ పెట్టెలో టెంప్ అనే మాటకు ముందొక శాతం గుర్తు, వెనకొక శాతం గుర్తు పెట్టి ఎంటర్ నొక్కితే తాత్కాలిక ఫైళ్ళ ఫోల్డర్ తెరుచుకుంటుంది. పెన్ డ్రైవ్‌లో దాగి ఉన్న వీబీఎస్ ఫైలు పేరుతోనే ఒక నకలు అక్కడ ఉంది. స్టార్ట్ మెనూలోని స్టార్టప్ ఫోల్డర్‌లో ఇంకో నకలు. విండోస్ తన అమరికలు రాసుకునే రెజిస్ట్రీలో, కంప్యూటర్ వేయగానే లేవవలసినవాటిని రాసే రన్ అనే చోట, వాడుకరి వైపు ఒకటి, మొత్తం కంప్యూటర్ వైపు ఒకటి, రెండు వరుసలు అదే ఫైలును పిలుస్తున్నాయి. ఎఫ్ 8 నొక్కి సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి నాలుగింటినీ తీసేశాను. సేఫ్ మోడ్ ఎందుకంటే అక్కడ స్టార్టప్‌లోనివీ రన్‌లోనివీ మామూలుగా లేవవు, పని చేసుకునే వ్యవధి దొరుకుతుంది.

తీసేముందు టెంప్‌లోని నకలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూశాను. నోట్‌ప్యాడ్‌లో చూస్తే అది నడవదు, అక్షరాలుగా మాత్రమే కనబడుతుంది. దాన్ని రాసినవాడు పై వరుసలోనే హౌడినీ అని పేరు పెట్టుకున్నాడు. ఆ రాత్రి చదివితే తెలిసింది, అది 2013లో బయటపడిన హెచ్-వార్మ్ కుటుంబమని, మైక్రోసాఫ్ట్ ఆ కుటుంబాన్ని జెంక్స్‌కస్ అనే పేరుతో లెక్కవేస్తోందని. మాస్టారు మా షాపుకు రావడానికి కొద్ది రోజుల ముందే, 2014 జూన్ 30న, ఆ పురుగూ బ్లాడబిండి అనే దాని తోడుదొంగా తమ యజమానులతో మాట్లాడుకునే ఇంటర్నెట్ చిరునామాలను అమెరికాలోని నెవాడా కోర్టు ఉత్తర్వుతో మైక్రోసాఫ్ట్ పట్టుకుంది. అంతకు ముందు పన్నెండు నెలల్లో ఆ రెండూ కలిసి 74 లక్షల సార్లకు పైగా దొరికాయని ఆ సంస్థే చెప్పింది.

యజమానులతో మాట్లాడుకోవడం అన్న మాట దగ్గర నాకు నిద్ర పట్టలేదు. ఈ పురుగు ఫోల్డర్లు దాచడంతో ఆగేది కాదు. దూరాన ఉన్నవాడు చెప్పిన పని చేస్తుంది, ఫైళ్ళు పైకి పంపగలదు, కొత్త ప్రోగ్రాములు దింపుకోగలదు. ఆ మూడో కంప్యూటర్ మీదే పిల్లలు దరఖాస్తులు నింపారు, తల్లిదండ్రులు పాస్‌వర్డులు కొట్టారు.

టెంప్‌లో ఉన్న నకలు తేదీ చూస్తే పదకొండు రోజుల కిందటిది. మాస్టారు క్రితంసారి ప్రింటుకు వచ్చిన రోజుకు సరిగ్గా ముందు రోజు. ఆ కంప్యూటర్‌లో విండోస్ ఎక్స్‌పీ ఉండేది. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8తో మరమ్మతులు ఆపేసింది. పాత పేజ్‌మేకర్ ఫైళ్ళ కోసం దాన్ని అలాగే ఉంచాను. యాంటీవైరస్ గడువు కూడా మూడు నెలల కిందటే తీరింది. వచ్చే నెల చూద్దాం అనుకుంటూ గడిపాను.

ఇక పెన్ డ్రైవ్. చాలామంది "దాచిన ఫైళ్ళు చూపించు" అని టిక్కు పెడతారు, అయినా ఏమీ కనబడక నిరాశపడతారు. కారణం ఉంది. పురుగు మన ఫోల్డర్లకు దాచినవి అన్న గుర్తుతో పాటు సిస్టమ్‌వి అన్న గుర్తు కూడా వేస్తుంది. అవి విండోస్ సొంత ఫైళ్ళన్నట్టు చూపించి ఇంకో తెర వెనక్కి నెడుతుంది. ఆ తెర తొలగాలంటే ఫోల్డర్ ఆప్షన్లలోనే, కాస్త కిందుగా, రక్షిత సిస్టమ్ ఫైళ్ళను దాచు అనే అర్థం వచ్చే గడిలోని టిక్కును తీసెయ్యాలి. తీసేస్తే అసలు ఫోల్డర్లు కొంచెం వెలిసిపోయిన రంగుతో కనబడతాయి. వాటి ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి హిడెన్ అనే టిక్కు తీద్దామంటే ఆ గడి బూడిద రంగులో ఉండి కదలదు. అదీ సిస్టమ్ గుర్తు వల్లే.

కమాండ్ ప్రాంప్ట్‌లో ఒక్క వరుస రాస్తే సరిపోతుంది. ఫోనులో నేను ఎంతోమందికి దీన్ని ఇలా చెప్పి రాయించాను: అట్రిబ్, ఖాళీ, మైనస్ హెచ్, ఖాళీ, మైనస్ ఆర్, ఖాళీ, మైనస్ ఎస్, ఖాళీ, ముందుకు వాలిన గీత పక్కన ఎస్, ఖాళీ, ఇంకో గీత పక్కన డి, ఖాళీ, పెన్ డ్రైవ్ అక్షరం, కోలన్, వెనక్కి వాలిన గీత, స్టార్ డాట్ స్టార్. మైనస్ హెచ్ అంటే దాచిన గుర్తు తీసెయ్యమని. మైనస్ ఆర్ అంటే రాయడానికి వీల్లేదన్న గుర్తు తీసెయ్యమని. మైనస్ ఎస్ అంటే సిస్టమ్ గుర్తు తీసెయ్యమని. చివరి ఎస్, డి రెండూ లోపలి పొరల్లోని ఫైళ్ళకూ ఫోల్డర్లకూ కూడా ఇదే చెయ్యమని చెప్పేవి. డ్రైవ్ అక్షరం ఒకటికి రెండుసార్లు చూసుకోండి. పొరపాటున సి అని కొడితే విండోస్ సొంత ఫైళ్ళ గుర్తులన్నీ చెదిరిపోతాయి.

ఆ వరుస రాసి ఎంటర్ కీ మీద మాస్టారి చేత నొక్కించాను. ఆడియో ఫైళ్ళు ఎక్కువ కాబట్టి కాసేపు పట్టింది. తెల్లటి కిటికీలో నాలుగు ఫోల్డర్లు తేరుకున్నాయి. ఈసారి బాణం లేదు. ఆయన "కల్లం" తెరిపించి, ఒక ఆడియో పెట్టమన్నారు. చనిపోయిన ఒక ముసలి రైతు గొంతు షాపంతా వినిపించింది. మిరపకాయలు ఆరబోసేటప్పుడు ఎలా తిరగెయ్యాలో చెబుతున్నాడు. జిరాక్స్ కోసం నిలబడ్డ పిల్లలు కూడా నిశ్శబ్దంగా విన్నారు. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

దాగి ఉన్న వీబీఎస్ ఫైలును చెరిపేసి, వేరే కంప్యూటర్‌లో తాజా యాంటీవైరస్‌తో పూర్తిగా గాలించి, రెండు డీవీడీల మీద నకళ్ళు తీసి ఇచ్చాను. డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

మరునాడు పొద్దున ఖాతా పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. ఆ పదకొండు రోజుల్లో మా దగ్గరికి వచ్చినవాళ్ళలో ఫోను నంబరు ఉన్నవాళ్ళు ముప్పై ఏడు మంది. అందరికీ చేశాను. "మా కంప్యూటర్ నుంచి మీ పెన్ డ్రైవ్‌కు పురుగు పట్టి ఉండవచ్చు, తీసుకురండి, ఊరికే శుభ్రం చేసి ఇస్తాను. మా దగ్గర ఎక్కడైనా పాస్‌వర్డు కొట్టి ఉంటే ఇవాళే మార్చుకోండి" అని. నంబర్లు లేనివాళ్ళ కోసం ఇదే మాట కాగితం మీద పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి తలుపుకు అంటించాను. పక్క షాపాయన వచ్చి, "ఇలా రాసుకుంటే గిరాకీ పోతుంది తల్లీ, తీసెయ్" అన్నాడు. తియ్యలేదు. కొందరు కోప్పడ్డారు, వాళ్ళ కోపం న్యాయమే. ఇరవై మందికి పైగా వచ్చారు, వాళ్ళలో చాలామందికి పురుగు ఉంది. మూడో కంప్యూటర్‌లో ఉన్నది తీసేసి విండోస్ కొత్తగా వేయించాను. దూరం నుంచి ఎవరో చెయ్యి పెట్టిన కంప్యూటర్‌లో కనబడినవి నాలుగూ పీకేస్తే చాలు అనుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఈ పురుగులు ఎప్పుడూ ఇలాగే వచ్చేవి కావు. మేము ఫ్లాపీలు వాడిన రోజుల్లో ఫ్లాపీ మూలన ఒక చిన్న మీట ఉండేది. దాన్ని జరిపితే ఆ ఫ్లాపీ మీద ఏ కంప్యూటరూ ఏమీ రాయలేదు. చదువుకోవడమే. 1986లో లాహోర్‌లో పుట్టి ఫ్లాపీల మీద దేశాలు తిరిగిన బ్రెయిన్ వైరస్‌నూ అలాంటి అడ్డు ఆపగలిగేది. పెన్ డ్రైవ్ వచ్చాక చాలా వాటికి ఆ మీట లేకుండా పోయింది. నాకు ఇప్పటికీ ఆ మీట మీద బెంగ ఉంది.

విండోస్ 95తో ఆటోరన్ వచ్చింది. సీడీ పెట్టగానే దానంతట అదే మొదలవడం కోసం పెట్టిన ఏర్పాటు. ఆటోరన్ డాట్ ఐఎన్ఎఫ్ అనే చిన్న ఫైలులో ఏది నడపాలో రాసి ఉంటుంది. పెన్ డ్రైవ్ పురుగులు ఆ ఏర్పాటునే పట్టుకున్నాయి. 2008 చివర్లో వచ్చిన కాన్‌ఫికర్ రెండో రూపం అయితే, డ్రైవ్ పెట్టగానే వచ్చే ఆటోప్లే పెట్టెలో ఫోల్డర్ బొమ్మతో సహా "ఫైళ్ళు చూడటానికి ఫోల్డర్ తెరువు" అనే అర్థం వచ్చే మాటలే రాసి పెట్టింది. నొక్కితే నడిచేది పురుగు. చివరికి విండోస్ 7లో పెన్ డ్రైవ్‌లకు ఆ సదుపాయం తీసేశారు. 2011 ఫిబ్రవరిలో అంతకు ముందటి ఎక్స్‌పీకీ విస్టాకూ కూడా ఆ మార్పును అప్‌డేట్ ద్వారా పంపారు. ఆ తలుపు మూసుకుపోయాక పురుగులు మన చేతనే తలుపు తీయించడం మొదలుపెట్టాయి. మన ఫోల్డర్ దాచి, మన ఫోల్డర్ పేరుతోనే షార్ట్‌కట్ పెట్టడం అదే.

నెట్ లేని కంప్యూటర్ కాబట్టి మాకు భయం లేదు అని ఇప్పటికీ చాలామంది అంటారు. ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రం యంత్రాలూ ఇంటర్నెట్‌తో సంబంధం లేనివే. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే పురుగు పెన్ డ్రైవ్‌ల మీదే అలాంటి చోట్లకు వెళ్ళేటట్టు తయారైంది. అది వాడుకున్న షార్ట్‌కట్ లోపం ఇంకా ఘోరం, క్లిక్ కూడా అక్కరలేదు, ఆ బొమ్మ తెర మీద కనబడితే చాలు. మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి 2010 ఆగస్టులో సరిచేత పంపింది. అప్‌డేట్లు వేసుకోనివాళ్ళకు ఆ సరిచేత అందదు కదా.

మొన్నటి అమ్మాయి పెన్ డ్రైవ్‌లో ఉన్నది ఇంకో రకం. డ్రైవ్ తెరిస్తే ఫోల్డర్లేవీ లేవు, డ్రైవ్ పేరుతోనే ఒకే ఒక్క షార్ట్‌కట్ ఉంది. అట్రిబ్ వరుస రాశాక పేరు లేని ఒక ఫోల్డర్ బయటపడింది. నిజానికి పేరు ఉంది, కంటికి కనబడని ఖాళీ అక్షరం దాని పేరు. ఆమెవన్నీ అందులోకి తోసేసి ఉన్నాయి. లోపలికి వెళ్ళి అన్నిటినీ కత్తిరించి బయట అతికించి, ఆ పేరులేని ఫోల్డర్‌నూ షార్ట్‌కట్‌నూ చెరిపేశాను. తన ల్యాప్‌టాప్‌ను విండోస్‌తో వచ్చే డిఫెండర్ యాంటీవైరస్ ఆఫ్‌లైన్ స్కాన్‌తో గాలించమని రాసిచ్చాను. విండోస్ లేవకముందే గాలిస్తుంది కాబట్టి పురుగుకు దాక్కునే వీలు తక్కువ.

2014 తరవాత మా షాపులో బయటి పెన్ డ్రైవ్ ఏదైనా ముందు విండోస్ బదులు లినక్స్ అనే వ్యవస్థతో నడిచే ఒక కంప్యూటర్‌కే పెడతాము. విండోస్ కోసం రాసిన పురుగు అక్కడ మామూలుగా లేవదు, దాచినవి కూడా ఎదురుగా కనబడతాయి. కావలసిన ఫైలును మాత్రమే అక్కడి నుంచి ప్రింటుకు పంపుతాము. మిగతా కంప్యూటర్లలో ఫైలు పేరు చివరి తోక కనబడేటట్టు పెట్టాను, ఫోల్డర్ బొమ్మ వేసుకున్న ఈఎక్స్ఈ ఫైలు (నిజానికి అదొక ప్రోగ్రాము) దానితో పట్టుబడుతుంది. వీబీఎస్‌లు నడిపే స్క్రిప్ట్ హోస్ట్‌ను మూసేశాను. మన ప్రభుత్వం 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వాళ్ళ యూఎస్‌బీ ప్రతిరోధ్ అనే ఉచిత ఉపకరణం కూడా ఉంది, అనుమతించిన పెన్ డ్రైవ్‌లనే లోపలికి రానిస్తుంది. చిన్న ఆఫీసులకు బాగా పనికొస్తుంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మరమ్మతులు ఆగిపోయాయి. ఆ తేదీని ఏడాది ముందే గోడ క్యాలెండర్ మీద ఎర్ర కలంతో రాసిపెట్టుకుని, రెండు కంప్యూటర్లు ముందుగానే మార్చేశాను.

మాస్టారు మరుసటి నెల వచ్చినప్పుడు కళ్ళజోడు పెట్టెలో రెండు పెన్ డ్రైవ్‌లు తెచ్చారు. ఒకదానికి ఎర్ర దారం కట్టి ఉంది. ప్రింటు తీయవలసిన పేజీలు పీడీఎఫ్‌గా అందులో మాత్రమే ఉన్నాయి. రెండోది బయటికి తియ్యనే లేదు, నాకు కూడా ఇవ్వలేదు. అది చూసి నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆయన కాలం చేసి అయిదేళ్ళయింది. ఫైళ్ళు వాళ్ళ మనవడి దగ్గర మూడు చోట్ల భద్రంగా ఉన్నాయి.

నిన్న ఆదివారం సాయంత్రం ఆ అమ్మాయి ఫోను చేసింది. వాళ్ళ హాస్టల్లో ఇంకా తొమ్మిది మందికి ఇలాగే ఉందట, అందరూ ఒకే ల్యాబులో ప్రింటు తీసుకున్నవాళ్ళే. ఎవరినీ ఫార్మాట్ చెయ్యవద్దని చెప్పి, తొమ్మిది పెన్ డ్రైవ్‌లూ మీద పేర్లు రాసి ఒక సంచిలో తెమ్మన్నాను. ల్యాబు చూసుకునే ఆయనకు ఏమేమి వెతకాలో రెండు పేజీల ఉత్తరం టైపు చేసి పెట్టాను, ఆ అమ్మాయి చేతికే ఇచ్చి పంపుతాను. వాళ్ళ రిపోర్టులు పదకొండు గంటలకల్లా అందాలి. ఇవాళ ఏడింటికే షాపు తీస్తున్నాను.